కనిపించకుండా చేసేవాళ్లు... కనిపించరు!

కథానాయకుడు కోటగోడ మీంచి దూకుతాడు. గాల్లో రెండు పల్టీలు కొట్టి, ఏనుగు కుంభస్థలం మీద కాలు మోపుతాడు. వెనకాల ఆకాశాన్నంటే బురుజులు, వాటి వెనక మంచుకొండలు, కింద వేలమంది సైన్యం. హాల్లో ఈలలే ఈలలు.

షూటింగ్ రోజు అక్కడ నిజంగా ఏముందో తెలుసా? ఓ పెద్ద షెడ్డు. గోడ పొడవునా పచ్చటి గుడ్డ. దానికి అక్కడక్కడా అంటించిన టేపు ముక్కలు. హీరో నడుముకి రోప్. ఆ రోప్‌ని లాగుతున్న నలుగురు ఫైటర్లు. ఏనుగు ఉండాల్సిన చోట పచ్చరంగు పూసిన చెక్కపెట్టె. ఓ మూల లైటు స్టాండు. ఇంకో మూల మడతకుర్చీ, దానిమీద ఎవరో సగం తాగి వదిలేసిన టీ గ్లాసు. కెమెరా ఇవన్నీ చూసింది. ప్రేక్షకుడు మాత్రం ఒక్కటీ చూడలేదు.

మరి అవన్నీ ఏమైనట్టు?

'ఏముంది, కంప్యూటర్ తీసేసి ఉంటుంది' అనుకుంటాం. అది సగమే నిజం. పచ్చగా ఉన్నదాన్ని కంప్యూటర్ తీసేస్తుంది. పచ్చగా లేనిదాన్ని మాత్రం ఎవరో ఒక మనిషి కూర్చుని తీసేయాలి. దాని చుట్టూ గీత గీసి 'ఇది ఉంచు, ఇది తీసెయ్' అని కంప్యూటర్‌కి చెప్పాలి. సినిమా భాషలో ఆ గీత పేరే మాస్క్.

పచ్చరంగే ఎందుకు?

గ్రీన్‌మ్యాట్ అనండి, క్రోమా అనండి... సూత్రం ఒకటే. టీవీలో వాతావరణ వార్తలు చెప్పే అమ్మాయి వెనక మ్యాపు కనిపిస్తుంది. స్టూడియోలో ఆమె వెనక ఉన్నది ఉత్త పచ్చగోడ. 'పచ్చగా ఉన్న ప్రతిచోటా మ్యాపు పెట్టు' అని యంత్రానికి చెబుతారు, పెట్టేస్తుంది. అందుకే ఆ అమ్మాయి పొరపాటున చిలకపచ్చ చీర కట్టుకొస్తే ఇబ్బంది. తలా చేతులూ గాల్లో తేలుతుంటాయి, చీర ఉండాల్సిన చోట బంగాళాఖాతం కనిపిస్తుంది!

పచ్చరంగుని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. మనిషి చర్మం నలుపైనా తెలుపైనా చామనఛాయైనా అందులో ఎరుపు పాలే ఎక్కువ. పచ్చ దానికి బాగా దూరం. రెండో కారణం కెమెరాలోనే ఉంది. డిజిటల్ కెమెరా లోపలి సెన్సర్ మీద రంగుల్ని పట్టుకునే చిన్నచిన్న గదులుంటాయి. ఎక్కువ కెమెరాల్లో ప్రతి నాలుగు గదుల్లో రెండు పచ్చకి, ఒకటి ఎరుపుకి, ఒకటి నీలానికి. అంటే కెమెరా అన్నిటికన్నా బాగా చూడగలిగేది పచ్చనే. ఫిల్ము రోజుల్లో నీలం తెరదే రాజ్యం. ఇప్పటికీ అవసరాన్నిబట్టి నీలం వాడతారు. 2002లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్'లో హీరో దుస్తుల్లో నీలం ఉంది కాబట్టి అతణ్ని పచ్చతెర ముందు తీశారు. విలన్ గ్రీన్ గోబ్లిన్ ఒళ్లంతా పచ్చ కాబట్టి అతనికి నీలం తెర కట్టారు.

గుడ్డ ఒకటే... పచ్చలు వంద

ఇంతేనా, ఇంత తేలికా అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. కట్టిన గుడ్డ ఒకటే అయినా కెమెరాకి కనిపించే పచ్చలు మాత్రం వంద. మడత పడినచోట ముదురు పచ్చ. లైటు దగ్గరగా ఉన్నచోట పాలిపోయిన పచ్చ. హీరో నీడ పడినచోట నల్లపచ్చ. మూలల్లో లైటే అందదు, అక్కడ పచ్చా నలుపూ కలిసిపోతాయి.

'ముదురు పచ్చని కూడా తీసెయ్' అని కంప్యూటర్‌కి కాస్త చనువిస్తే హీరో జుట్టు చివర్లు కూడా కొరికేస్తుంది. 'వద్దు, జాగ్రత్తగా తియ్' అంటే గుడ్డమీది మడతలు మచ్చల్లా మిగిలిపోతాయి. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. ఈ ఇరకాటం నుంచి బయటపడేసేదే మాస్క్.

మాస్క్ అంటే కరోనా రోజుల్లో మూతికి కట్టుకున్నది కాదు. లారీ తలుపు మీద నంబరు రాసే పెయింటర్ని గమనించే ఉంటారు. అంకె ఆకారంలో కత్తిరించిన రేకుని తలుపుకి ఆనించి పైన రంగు కొడతాడు. కోసినచోట రంగు పడుతుంది, రేకు ఉన్నచోట పడదు. సంక్రాంతికి వాకిట్లో ముగ్గుపిండి పోసి వేసే చిల్లుల రేకుదీ అదే పద్ధతి. కంప్యూటర్ మాస్క్ కూడా అలాంటి రేకే. కాకపోతే అది నలుపూ తెలుపుల బొమ్మ. తెల్లగా ఉన్నచోట దృశ్యం ఉంటుంది. నల్లగా ఉన్నచోట మాయమవుతుంది. బూడిదరంగులో ఉన్నచోట సగం సగం, పల్చగా కనిపిస్తుంది.

చెత్తకో మాస్క్... గాజులకో మాస్క్!

ఇలాంటి షాటు చేతికొస్తే ఆర్టిస్టు మొట్టమొదట చేసే పని ఊడ్చడం. హీరో చుట్టూ కాస్త ఎడంగా, వదులుగా ఓ గీత గీస్తాడు. ఆ గీత బయట ఏమున్నా... లైటు స్టాండు, కుర్చీ, టీ గ్లాసు, నీడపడ్డ మూలలు... అన్నీ ఒక్కసారిగా మాయం. దీన్ని గార్బేజ్ మ్యాట్ అంటారు. మన భాషలో చెత్త మాస్క్. పేరు చిన్నదైనా చేసే మేలు పెద్దది. తెరలోని చెత్తంతా పోయి హీరో చుట్టూ కొద్దిపాటి పచ్చే మిగులుతుంది. అక్కడ లైటు సమానంగా పడి ఉంటుంది కాబట్టి ఆ పచ్చని శుభ్రంగా తీయడం కంప్యూటర్‌కి తేలిక. వంద పచ్చల సమస్య ఐదారు పచ్చలకి తగ్గిపోతుందన్నమాట.

రెండో మాస్క్ దీనికి పూర్తిగా తిరగేసింది. పెళ్లికూతురి వేషంలో ఉన్న కథానాయిక చేతినిండా పచ్చగాజులున్నాయనుకోండి. పచ్చ కనిపిస్తే చాలు, తీసేయమన్నాం కదా... కంప్యూటర్ గాజుల్ని కూడా మాయం చేసేస్తుంది. మణికట్టు దగ్గర చిల్లులు పడి వాటిలోంచి వెనకాలి మంచుకొండలు కనిపిస్తాయి. అందుకే మనిషి లోపలివైపు ఇంకో మాస్క్ గీసి 'ఈ గీత లోపల ఏ రంగున్నా ముట్టుకోవద్దు' అని చెబుతారు. దీన్ని కోర్ మ్యాట్ అంటారు.

బయట ఒక గీత, లోపల ఒక గీత. రెండింటికీ మధ్య మిగిలిన సన్నటి అంచే అసలు యుద్ధభూమి. జుట్టు, చీరకొంగు, వేళ్ల చివర్లు ఉండేది అక్కడే. ఆ అంచుని మాత్రం కంప్యూటర్‌కి వదిలేస్తారు. ఎందుకంటే ఒక్కో వెంట్రుక చుట్టూ గీత గీయడం మనిషి వల్లకాదు. మూలలో ఉన్న టీ గ్లాసు అక్కర్లేదని తెలుసుకోవడం రంగుని మాత్రమే చూసే యంత్రం వల్లకాదు. పని ఇద్దరూ పంచుకుంటే తప్ప పూర్తవదు.

కదిలిందా... కథ మారింది

హీరో నిలబడి మాట్లాడుతుంటే ఈ పని గంటలో అయిపోవచ్చు. కానీ తెలుగు సినిమా హీరో ఊరికే నిలబడతాడా! పరిగెడతాడు, ఎగురుతాడు, తంతాడు. గీత కూడా అతనితోపాటు కదలాలి. ఫ్రేము ఫ్రేముకీ గీతని సరిచేసే ఈ పనినే రోటోస్కోపింగ్ అంటారు. స్టూడియోల్లో ముద్దుగా 'రోటో'.

చిన్న లెక్క వేద్దాం. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటంటే 120 బొమ్మలు. పరిగెడుతున్న మనిషి మొత్తానికీ ఒకే గీత గీస్తే అది క్షణానికో ఆకారంలోకి మారుతూ చేతికి చిక్కదు. అందుకే మనిషిని ముక్కలుగా విడదీస్తారు. తల ఒకటి, మెడ ఒకటి, నడుం పైభాగం ఒకటి, భుజం నుంచి మోచేతికి ఒకటి, మోచేతి నుంచి మణికట్టుకి ఒకటి... ఇలా పదిహేను ముక్కలనుకుందాం. నాలుగు ఫ్రేములకోసారి గీత సరిచేస్తే, మధ్య ఫ్రేముల్ని కంప్యూటర్ అంచనా వేసుకుంటుంది. అలా చేసినా 120 ఫ్రేములకి 30 సార్లు. పదిహేను ముక్కలకీ కలిపి 450 దిద్దుబాట్లు. తెరమీద అయిదంటే అయిదు సెకన్లు!

గీత సరిగ్గా పడితే చాలదు. వేగంగా కదిలే చెయ్యి కెమెరాకి స్పష్టంగా కనిపించదు, చెరిపినట్టుగా కనిపిస్తుంది. అంచుని కత్తితో కోసినట్టు గీస్తే కాగితం బొమ్మని అతికించినట్టుంటుంది. కాబట్టి కదలికనిబట్టి అంచుని మెత్తబరచాలి. మోచేయి ఎటు మడత పడుతుంది, పరిగెత్తేటప్పుడు భుజం ఎంత ఊగుతుంది... ఇవన్నీ తెలిసినవాడే మంచి రోటో చేయగలడు. సాఫ్ట్‌వేర్ నెలరోజుల్లో వచ్చేస్తుంది. శరీరాన్ని చూడటం రావడానికి ఏళ్లు పడుతుంది.

రోప్‌ది మరో పేచీ. టీ గ్లాసు హీరోకి దూరంగా ఉంది కాబట్టి చెత్త మాస్క్‌తో పోయింది. రోప్ అలా కాదు, అతని ఛాతీ మీదుగానో మొహం ముందునుంచో వెళ్తుంది. దాన్ని తీసేస్తే ఆ చోట ఏం పెట్టాలి? వెనకాల దాగిన చొక్కాని మళ్లీ పుట్టించాలి. రోప్ పక్కకి జరిగిన మరో ఫ్రేము నుంచి అంత ముక్కని తెచ్చి, ఇక్కడ అతికి, వెలుతురు కలిసేలా సర్దాలి. చిరిగిన పట్టుచీరకి రఫ్ చేసే పనివాడు చేసేదీ ఇదే. చిరుగు ఎక్కడుందో వెతికినా దొరక్కూడదు.

ఇక గోడమీది టేపు ముక్కలు. కెమెరా ఎటు కదిలిందో లెక్కగట్టడానికి వాటిని కావాలనే అంటిస్తారు. పనయ్యాక వాటినీ తుడిచేయాలి. గుడ్డమీంచి హీరో చెంపలకి, తెల్లచొక్కాకి అంటిన పచ్చటి ఛాయని కూడా కడగాలి. లేకపోతే మంచుకొండల మధ్య నిలబడ్డ మనిషి పసరు పూసుకున్నట్టుంటాడు.

రావణుడి తలలూ... మాస్కింగే!

ఇదంతా కంప్యూటర్లతో పుట్టిన విద్య అనుకుంటే పొరపాటు. 1898లోనే ఫ్రాన్స్‌లో జార్జ్ మెలీస్ తన తల తానే తీసి బల్లమీద పెట్టినట్టు సినిమా తీశాడు. నల్లటి తెర, నల్లటి ముసుగు, ఒకే ఫిల్ముమీద పలుమార్లు చిత్రీకరణ... అదీ కిటుకు. 1903 నాటి 'ద గ్రేట్ ట్రైన్ రాబరీ'లో గదిలో దొంగలుంటే కిటికీలోంచి రైలు కనిపిస్తుంది. కిటికీ భాగాన్ని మూసి గదిని తీశారు, తర్వాత గదిని మూసి రైలుని తీశారు. రోటోస్కోప్ యంత్రానికి అమెరికాలో మ్యాక్స్ ఫ్లైషర్ 1915లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1917లో వచ్చింది. సినిమా ఫ్రేముల్ని గాజుమీద పడేలా చేసి ఒక్కొక్కటే దిద్దడం ఆయన పద్ధతి.

1933లో వచ్చిన 'ద ఇన్విజిబుల్ మ్యాన్'లో కట్టు విప్పితే లోపల మనిషే ఉండడు. నటుడికి ఒళ్లంతా నల్లటి ముఖమల్ తొడిగి, నల్లటి ముఖమల్ తెర ముందు నిలబెట్టారు. తర్వాత జాన్ ఫుల్టన్ బృందం వేల ఫ్రేముల్ని చేత్తో కుంచె పట్టుకుని సరిదిద్దింది. 1940 నాటి 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్'తో నీలం తెర వెలుగులోకొచ్చింది. లారీ బట్లర్‌కి ఆస్కార్ తెచ్చిన ఆ సినిమాలో నటించిన సాబూ మన మైసూరు ప్రాంతం కుర్రాడే. ఆ తర్వాత పెట్రో వ్లాహోస్ అనే ఇంజినీరు ఈ విద్యకి శాస్త్రీయమైన పునాది వేశాడు. ఒకప్పుడు మన వీధుల్లో పసుపురంగులో వెలిగిన సోడియం దీపాలు గుర్తున్నాయా... 1964 నాటి 'మేరీ పాపిన్స్' కోసం అలాంటి వెలుగునే తెరమీద పరిచారు!

మనవాళ్లేం తక్కువ తినలేదు. తెలుగులో ద్విపాత్రాభినయం సినిమాలన్నిటికీ ఆధారం మాస్కింగే. లెన్సు ముందు సగం మూసి రాముణ్ని తీసేవారు. ఫిల్ముని వెనక్కి తిప్పి, రెండో సగం మూసి భీముణ్ని తీసేవారు. గీత వెంట్రుకవాసి తప్పినా, మధ్యలో కెమెరా కదిలినా రోజంతా వృథా. 1961లో 'సీతారామకల్యాణం'లో పదితలల రావణుణ్ని, 1964లో 'రాముడు భీముడు'లో ఇద్దరు ఎన్టీఆర్లని చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. ఆ రెండు సినిమాలకీ ఛాయాగ్రాహకుడు ట్రిక్ ఫొటోగ్రఫీలో దిట్ట అయిన రవికాంత్ నగాయిచ్. అప్పట్లో చెరిపి మళ్లీ గీయడానికి వీల్లేదు. అందుకే అన్నీ ముందే ఆలోచించుకునేవారు.

'సీజీలో తీసేద్దాంలే'

కంప్యూటరొచ్చాక ఆ భయం పోయింది. 1994లో 'ఫారెస్ట్ గంప్' ఈ విద్య ఎంతదూరం వెళ్లగలదో చూపించింది. యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న లెఫ్టినెంట్ డాన్ పాత్రధారి గ్యారీ సినిస్ మోకాళ్ల కింద నీలం గుడ్డ చుట్టి నటించారు. తర్వాత ఆ కాళ్లని తుడిచేసి, వాటి వెనకాల దాగిన నేలనీ మంచాన్నీ మళ్లీ నింపారు. కథ కోసం చేసిన పని అది.

భయం పోవడంతో పాటే ఓ అలవాటు కూడా వచ్చింది. గుడ్డ మడత పడిందా... 'సీజీలో తీసేద్దాంలే'. రోప్ కనిపిస్తోందా... 'సీజీలో తీసేద్దాంలే'. సెట్లో ఒక మాట అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట తర్వాత ఎవరి బల్లమీదికో 450 దిద్దుబాట్లయి చేరుతుంది. టీ గ్లాసు హీరో నడిచే దారిలో, అతని కాళ్ల వెనక ఉంటే చెత్త మాస్క్ కూడా ఆదుకోదు. కాలు దాన్ని దాటిన ప్రతి ఫ్రేములోనూ కాలి అంచుని విడిగా కోయాల్సిందే.

2019 మేలో ప్రపంచమంతా ఓ కాఫీ కప్పు గురించి మాట్లాడుకుంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లో రాజులూ రాణులూ విందు చేసుకుంటున్న బల్లమీద ఈకాలపు కాగితం కప్పు దర్జాగా కూర్చుంది. ప్రసారమయ్యాక ప్రేక్షకులు పట్టుకున్నారు. హెచ్‌బీవో రెండురోజుల్లోనే దాన్ని చెరిపేసింది. ఆ కప్పుకొచ్చినంత పేరు, దాన్ని తీసేసిన చేతులకి రాలేదు. ఈ వృత్తి తీరే అంత. తప్పు చేస్తే లోకమంతా చూస్తుంది, ఒప్పు చేస్తే ఎవ్వరూ చూడరు.

పులి గెలిచింది... మనుషులు ఓడారు

ఈ పనిలో చాలాభాగం జరిగేది మన దగ్గరే. హాలీవుడ్ సినిమాల రోటో, వైర్ రిమూవల్ పనులు హైదరాబాద్, చెన్నై, ముంబయి, బెంగళూరుల్లోని స్టూడియోలకి వస్తుంటాయి. అక్కడ మొదటి మెట్టు రోటోనే. డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాళ్లూ, బొమ్మలు బాగా గీసే అమ్మాయిలూ ఆ మెట్టెక్కే పరిశ్రమలోకి వస్తారు. పనిచేస్తూ చూపు పదునెక్కాక, ముక్కలన్నిటినీ కలిపి దృశ్యంగా మార్చే కంపోజిటింగ్‌కి వెళతారు.

అమెరికాకి చెందిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. పాండిచ్చేరి కుర్రాడు పులితో కలిసి పడవలో సముద్రంమీద బతికిన కథ 'లైఫ్ ఆఫ్ పై' ఆ సంస్థ పనితనమే. తైవాన్‌లోని ఓ పాత విమానాశ్రయంలో కట్టిన నీళ్లతొట్టెలో కుర్రాడు పడవ ఎక్కాడు. ఆకాశం, సముద్రం, దాదాపు అన్ని షాట్లలోనూ పులి... తర్వాత వచ్చి చేరాయి. 2013 ఫిబ్రవరి 24న ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అప్పటికే ఆ సంస్థ దివాలా తీసింది! బయట వందలాది గ్రాఫిక్స్ కళాకారులు నిరసనకి దిగారు. లోపల బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ సంస్థ కష్టాల గురించి చెప్పబోతుండగా 'జాస్' సినిమా సంగీతం మోగించి ఆపేశారు. పెట్రో వ్లాహోస్ కన్నుమూసింది కూడా ఆ ఫిబ్రవరిలోనే.

అది అక్కడితో ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూపు కుప్పకూలింది. బెంగళూరు, ముంబయిల్లో ఆ సంస్థకి పనిచేస్తున్న వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఈ వ్యాపారంలో సాధారణంగా షాట్లకి ముందే ధర మాట్లాడుకుంటారు. దర్శకుడు 'ఇంకొక్కసారి మార్చండి' అన్నప్పుడల్లా ఆ భారం స్టూడియో మీద, అక్కణ్నుంచి రాత్రిళ్లు కూర్చునే కుర్రాళ్ల మీద పడుతుంది.

మొదటి మెట్టు ఉంటుందా?

ఇప్పుడు కొత్త పోటీ వచ్చింది. 2010లో అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రోటోబ్రష్ వచ్చింది. మనిషి మీద ఓ గీత గీస్తే అంచుని అదే వెతుక్కునేది. 2023లో మెటా సంస్థ విడుదల చేసిన 'సెగ్మెంట్ ఎనీథింగ్' బొమ్మలో దేనిమీద క్లిక్ చేస్తే దాన్ని విడదీసి ఇచ్చింది. 2024లో వచ్చిన రెండోది వీడియోలో కూడా అదే పని చేసింది. ఫోన్లో వీడియోకాల్ చేసేటప్పుడు వెనకున్న ఇంటి గోడ మసకబారుతుంది కదా, అదీ కృత్రిమమేధ గీసిన మాస్కే. చెవి మాయమవడం, చేతిలోని పుస్తకం సగం కనిపించకపోవడం కూడా చూసే ఉంటారు. జుట్టు, పొగ, పల్చటి ఓణీ, ఒకరినొకరు దాటుకునే ఇద్దరు ఫైటర్లు... ఇలాంటి చోట్ల యంత్రం ఇంకా తడబడుతోంది. మొదటి గీత యంత్రం గీస్తే, వెండితెరకి పనికొచ్చేలా చివరి గీత మనిషే దిద్దుతున్నాడు.

అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. చేతిపని తగ్గితే తగ్గేది ముందు మొదటి మెట్టు మీది ఉద్యోగాలే. ఆ మెట్టే లేకపోతే రెండో మెట్టుకి మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు? పిల్లల్ని గ్రాఫిక్స్ కోర్సులో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఇక్కడే ఓ విషయం గమనించాలి. ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే నేర్పే కోర్సుకి లక్షలు పోయడం దండగ. ఆ బటన్లు రేపు మారిపోతాయి. బొమ్మ గీయడం, ఫొటో తీయడం, వెలుగునీడల్ని చదవడం, శరీరం కదిలే తీరు గమనించడం... ఇవి వస్తే ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా పని దొరుకుతుంది. దృశ్యంలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చుకునే కన్ను పాతబడదు.

ఇంట్లోనే... ఓ చిన్న గ్రీన్‌మ్యాట్

సెలవుల్లో పిల్లలు ఫోన్‌తో ఈ సరదా చేసి చూడొచ్చు. వీడియో ఎడిటింగ్ యాప్‌లు చాలావాటిలో క్రోమా, మాస్క్ రెండూ ఉంటున్నాయి.

* పచ్చగుడ్డని ఇస్త్రీ చేసి బిగుతుగా కట్టండి. మడతలు లేకపోతే సగం పని తగ్గినట్టే.
* గుడ్డకి కనీసం ఆరడుగుల ఎడంగా నిలబడండి. నీడ గుడ్డమీద పడదు, పచ్చఛాయ ఒంటికి అంటదు.
* గుడ్డకి వేరుగా లైటు పెట్టండి. అంతటా ఒకేలా వెలుతురు పడాలి.
* పచ్చ బట్టలు, పచ్చగాజులు, తళతళలాడే స్టీలు గ్లాసులు వద్దు. మెరిసే వస్తువులో గుడ్డ నీడ కనిపిస్తుంది.
* ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా స్టాండుకి బిగించండి. కెమెరా కదలకపోతే, నటించేవాళ్లు దూరం జరక్కపోతే ఒకే చెత్త మాస్క్ షాటు మొత్తానికీ సరిపోతుంది.
* నటులు రాకముందు ఖాళీ తెరని పది సెకన్లు తీసి ఉంచుకోండి. తర్వాత ఏదైనా చెరిపేయాల్సి వస్తే ఆ చోట అతకడానికి అసలు ముక్క చేతిలో ఉంటుంది. దీన్నే క్లీన్ ప్లేట్ అంటారు.
* రికార్డ్ నొక్కేముందు తెరలో నాలుగు మూలలూ ఒకసారి చూడండి. అక్కర్లేనిది ఏదన్నా ఉంటే అప్పుడే తీసి పక్కన పెట్టండి.

ఇన్ని చేసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. అప్పుడు మాస్క్ గీయాల్సిందే. ఒక్క అయిదు సెకన్ల షాటుకి పిల్లల్ని స్వయంగా గీయనివ్వండి. చాలా సినిమాల్లో రోటో చేసినవాళ్ల పేర్లు పడవు, సంస్థ పేరుతోనే సరిపెడతారు. అయినా ఆ తర్వాత సినిమాకి వెళ్లినప్పుడు ఎండ్ టైటిల్స్ అయ్యేదాకా కూర్చుందామని వాళ్లే అడుగుతారు.